పది ఫెయిలైన పదహారేళ్ళ అబ్బాయికి ఓపెన్ స్కూల్ పనికొస్తుందా?

అమ్మా, మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. బాబుకి పదహారేళ్ళు. పదో తరగతిలో ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు పోయాయి, సప్లిమెంటరీలోనూ గట్టెక్కలేదు. రాత్రంతా ఫోను, మధ్యాహ్నం దాకా నిద్ర. సాయంత్రం అయితే మాత్రం ఎవరూ లేపకుండానే ట్రాక్టర్ మెకానిక్ షెడ్డుకి వెళ్తాడు. వాళ్ళ నాన్న దుబాయ్‌లో ఉన్నారు. మీ అన్నయ్య స్ట్రిక్ట్ హాస్టల్లో పడేస్తే దారికొస్తాడంటున్నారు, పక్కింటావిడ ఓపెన్ స్కూల్ కట్టించేయమంటోంది. ఓపెన్‌లో వేస్తే లైఫ్ పాడవుతుందేమోనని మీ టెన్షన్.

పాడవదు. అయితే ఫీజు కట్టినంత మాత్రాన బాగుపడిపోడు కూడా. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆదివారాలు ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్లో క్లాసులు చెప్తున్నాను. అక్కడికి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ మీ అబ్బాయిలాంటి వాళ్ళే. వాళ్ళని చూశాక నాకు తేలిందేమిటంటే, సర్టిఫికెట్ వేరు, పిల్లాడు గాడిలో పడటం వేరు. ఓపెన్ స్కూల్ ఇచ్చేది సర్టిఫికెట్‌కి ఒక దారి. గాడిలో పెట్టేది మాత్రం రోజూ వెళ్ళే ఒక చోటు, అక్కడ వాడి కోసం చూసే ఒక మనిషి. ఈ రెండూ కలిస్తేనే దాన్ని ప్రత్యామ్నాయ చదువు అనాలి. ఆగస్టులో రిజిస్ట్రేషన్ చేయించి, పుస్తకాల కట్ట తెచ్చి అటక మీద పెట్టి, పరీక్షకి వారం ముందు దించేవాళ్ళని ఎందరినో చూశాను. వాళ్ళు మళ్ళీ ఫెయిలై, ఓపెన్ స్కూల్ దండగని ఊరంతా చెప్తారు.

ముందు సర్టిఫికెట్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీ భయం అక్కడే ఉంది. జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్) ఉంది. 1979లో సీబీఎస్‌ఈ కింద ఒక ప్రాజెక్టుగా మొదలై, 1989లో విడి సంస్థ అయింది. రాష్ట్రాల్లో మనకి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, అటు ఆంధ్రలో ఏపీ ఓపెన్ స్కూల్ ఉన్నాయి. పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండి ఉండాలి, ఇంటర్‌కి పదిహేను. ఇచ్చే సర్టిఫికెట్ మామూలు పదో తరగతితో సమానం. దానితో ఇంటర్‌లో చేరొచ్చు, ఉద్యోగాలకి అప్లై చేయొచ్చు. ఓపెన్‌లో ఇంటర్ చదివినవాళ్ళకి నీట్ రాయడానికి అర్హత లేదని ఒకప్పుడు గొడవ నడిచింది, కోర్టులదాకా వెళ్ళింది. ఇప్పుడు ఆ అడ్డు తొలగింది. ఊళ్ళో ఇప్పటికీ 'ఓపెన్‌ది చెల్లదంట' అంటుంటే పాత మాట పట్టుకుని అంటున్నారని అనుకోండి.

మామూలు బోర్డుకీ దీనికీ అసలు తేడా ఎక్కడుందంటే, ఇక్కడ ఐదు సబ్జెక్టులు చాలు, వాటిని ఏరుకోవచ్చు, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. ఎన్‌ఐఓఎస్ రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, దసరా దీపావళి ప్రాంతంలో ఒకసారి పరీక్షలుంటాయి. మొత్తం తొమ్మిది అవకాశాలు. పాసైన పేపరు పాసైనట్టే ఉంటుంది. ఇదివరకు వేరే బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు ఇటు బదిలీ చేయించుకోవచ్చు. పాస్ మార్కు 33 శాతం. పదో తరగతి తెలుగు మీడియంలో కూడా ఉంది. హోమ్ సైన్స్, పెయింటింగ్, డేటా ఎంట్రీ, సైకాలజీ లాంటివి కూడా జాబితాలో కనిపిస్తాయి. మీకు తెలంగాణ ఓపెన్ స్కూల్ దగ్గర పడితే, మీవాడి మెమో చూపించి ఏయే సబ్జెక్టులు బదిలీ అవుతాయో అక్కడి కోఆర్డినేటర్ నోటితోనే చెప్పించుకోండి.

ఇప్పుడు మీవాడి లెక్క వేద్దాం. మామూలు బోర్డులోనే ఉంటే ఫెయిలైన మూడు పేపర్లు మళ్ళీ రాస్తే చాలు, పాసైనవి పోవు. ఓపెన్‌కి వస్తే తెలుగు, సోషల్ బదిలీ చేయించుకుని ఇంకో మూడు రాయాలి. అంటే ఎటు తిరిగినా మూడే! కాబట్టి 'ఓపెన్ అయితే సులువు' అన్న మాట మీవాడి విషయంలో పెద్దగా నిలబడదు. తేడా ఏమిటంటే ఓపెన్‌లో ఆ మూడూ ఏవో మీరు ఎంచుకోవచ్చు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లెక్కలు తప్పనిసరి కాదు కదా అని తీసేసి, ఏదో తేలికైన సబ్జెక్టు పెట్టించేస్తారు. పది పాసవుతాడు. తీరా ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి వెళ్తే పదిలో లెక్కలు, సైన్సు ఉన్నాయా అని అడుగుతారు. పాలిటెక్నిక్‌కి పాలిసెట్ రాయాలన్నా పదిలో లెక్కలు ఉండాలి. షెడ్డు చుట్టూ తిరిగే పిల్లాడు రేపు వెళ్ళాలనుకునేది సరిగ్గా ఆ దారుల్లోకే. అందుకని నా సలహా ఏమిటంటే, లెక్కలు, సైన్సు ఉంచండి. ఇంగ్లీషు బదులు వాడికి నచ్చింది ఇంకోటి పెట్టించినా పదికి నష్టం లేదు, కానీ ఇంటర్‌కి వెళ్తే అక్కడ ఇంగ్లీషు ఎదురవుతుంది, అది మాత్రం మర్చిపోవద్దు. మూడూ ఒకే విడతలో రాయించకండి. మొదటి విడతలో వాడు ఖాయంగా పాసయ్యే పేపరు ఒకటి, మహా అయితే రెండు. రెండేళ్ళుగా ఫెయిల్ అన్న మాటే వింటున్న పిల్లాడికి తన పేరు పక్కన పాస్ అని ఒక్కసారి కనబడాలి. లెక్కలు ఆ తర్వాతి విడతలో.

'గ్యారంటీ పాస్' అనే ఏజెంట్ల దగ్గరికి మాత్రం పోకండి. పేరు కూడా వినని బోర్డు సర్టిఫికెట్ చూపించి డబ్బులు గుంజేవాళ్ళున్నారు. పరీక్ష ఇంకొకరితో రాయిస్తామనేవాళ్ళూ ఉన్నారు. అది బయటపడితే పిల్లాడి మీద కేసు అవుతుంది, ఏజెంటు ఫోను స్విచాఫ్ అవుతుంది.

సర్టిఫికెట్ సంగతి అది. ఇక గాడిలో పడటం గురించి.

పది ఫెయిలైన పిల్లాడికి పదో తరగతి పాఠాలే రావనుకుంటాం. నా అనుభవంలో చాలామందికి బండి ఆగిపోయేది ఐదో తరగతి దగ్గరో ఆరో తరగతి దగ్గరో. ఆ పైన ఉన్నదంతా బట్టీ. మా సెంటర్‌కి ఒక అబ్బాయి వచ్చాడు, మీవాడిలాగే మెకానిక్ పని పిచ్చి ఉన్నవాడు. రెండు బై మూడుకి ఒకటి బై ఐదు కలపమంటే 3/8 అని రాశాడు. పైనవి పైనవీ, కిందవి కిందవీ కలిపేశాడన్నమాట. భిన్నాలే రానివాడికి వర్గ సమీకరణాలు చెప్పి ఏం లాభం? స్కూల్లో ఆ సంగతి ఎవరికీ తెలియక కాదు, క్లాసులో యాభై మంది, మార్చిలో పరీక్ష, వెనక్కి వెళ్ళే తీరిక ఏ టీచరుకీ ఉండదు.

పాత మాస్సీ ట్రాక్టర్లకి అంగుళాల పానాలు వాడతారు కదా. వాణ్ణి అడిగాను: అరంగుళం పానా పెద్దదా, ఏడు బై పదహారు పెద్దదా? ఈయనకేం తెలుసు అన్నట్టు చూసి, 'అరంగుళమే పెద్దది సార్, ఏడు బై పదహారు దాని కింద సైజు, తొమ్మిది బై పదహారు దాని పై సైజు' అన్నాడు. మరి అరంగుళంలో పదహారో వంతులు ఎన్ని ఉంటాయి? కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, ఎనిమిది అన్నాడు. అయితే ఆ రెండు పానాల నోళ్ళు పక్కపక్కన పెడితే మొత్తం ఎంత? పదిహేను బై పదహారు. కాగితం మీద రాసి చూపిస్తే, తను చేసింది భిన్నాల కూడికేనని వాడికే నమ్మకం కలగలేదు. రెండు బై మూడు, ఒకటి బై ఐదుకి ఉమ్మడి హారం పదిహేను అని పట్టుకుని 13/15 రాయడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. కానీ ఆ తర్వాత వాడు క్లాసుకి రావడం మానలేదు. లెక్కలు రావు అన్న ముద్ర వాడిలో ఆ రోజే కొంచెం చెరిగింది.

ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. ఎదురుగా పది పన్నెండు మంది కంటే ఎక్కువ లేరు, నేను వాడి షెడ్డు సంగతి అడిగాను, అంతే. ప్రత్యామ్నాయ బడి అనేది ఎక్కడ పనిచేసినా ఇలాగే పనిచేస్తుంది. క్లాసు నంబరు పక్కన పెట్టి, ఎక్కడ ఆగిపోయాడో అక్కడ మొదలుపెడతారు.

మన దగ్గరే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ బ్రిడ్జి క్యాంపులు నడిపింది. పశువులు కాసేవాళ్ళు, పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళు, అసలు బడి గడప తొక్కని పిల్లలు. పెద్ద పిల్లల్ని తీసుకెళ్ళి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతారు. అందుకని క్యాంపులో ఉంచి, ముందు పాటలు, ఆటలు, కబుర్లు, న్యూస్‌పేపరు, ఆ తర్వాతే అక్షరాలు. నెలల్లో వాళ్ళ వయసుకి తగిన తరగతికి తయారుచేసి, ఏడో తరగతి కామన్ పరీక్ష రాయించి మామూలు హైస్కూల్లో చేర్చేవాళ్ళు. ఆ సంస్థని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వికారాబాద్ వైపు పనిచేసేటప్పుడు ఆ క్యాంపుల నుంచి వచ్చిన పిల్లలకి నేను పాఠాలు చెప్పాను. వాళ్ళకి బేసిక్స్‌లో కంతలు ఉండేవి, నిజమే. కానీ అర్థం కాకపోతే చెయ్యెత్తి అడిగేవాళ్ళు. మొదటి నుంచీ బడిలోనే ఉన్న మా పిల్లలు అడిగేవాళ్ళు కాదు. 2009 విద్యాహక్కు చట్టంలో బడి బయటి పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉంది కదా, ఈ క్యాంపులు చేసిన పని కూడా అదే. ఆ చట్టం పద్నాలుగేళ్ళ వరకే కాబట్టి మీవాడికి వర్తించదు. ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా చదువు ఆగిపోయిన ఆడపిల్ల ఉంటే మాత్రం దగ్గర్లోని కస్తూర్బా విద్యాలయంలో అడగండి, 2004లో ఆ బడులు పెట్టిందే అలాంటి పిల్లల కోసం.

మీ అన్నయ్య చెప్పే హాస్టల్ గురించి. ఆయన మేనల్లుడి మంచే కోరుతున్నారు, కాదనను. కానీ తెల్లవారి ఐదింటికి లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్ పెట్టే చోట, భిన్నాలు రాని పిల్లాడు ఆ గంటలన్నీ ఏం చేస్తాడు? పుస్తకం ముందు కూర్చుని ఉంటాడు, అంతే. పక్కవాడికి వస్తోంది, నాకు రావట్లేదు అన్నది రోజూ పొద్దున్నుంచి రాత్రి దాకా గుర్తుచేసే ఏర్పాటు అది. అమెరికాలో దారి తప్పిన పిల్లల్ని బాగుచేస్తామని నడిచే రెసిడెన్షియల్ కేంద్రాల మీద ఏళ్ళ తరబడి ఫిర్యాదులు వచ్చి, చివరికి 2024 డిసెంబరులో అక్కడి పిల్లల మీద దురాగతాలను ఆపడం కోసం ఒక చట్టమే తెచ్చారు. మన హాస్టళ్ళన్నీ అలాంటివని అనను. కొట్టి దారికి తెస్తామని ఎవరు చెప్పినా, ఎక్కడ చెప్పినా నేను నమ్మను.

అయితే రోజూ వెళ్ళే చోటు ఏది? స్టడీ సెంటర్ క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లోనే ఉంటాయి. మిగతా రోజులు మీరే పూరించాలి. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే ఉదయం అక్కడికి పంపండి, చదవకపోయినా పేపరు తిరగేసి రానివ్వండి. లెక్కలకి ట్యూషన్ పెట్టేటట్లయితే పెద్ద బ్యాచ్ వద్దు, నలుగురైదుగురున్న చోటు చూడండి. చెప్పే మనిషిని ముందే అడగండి, ఐదో తరగతి నుంచి మొదలుపెడతారా అని. మొహమాటపడితే ఇంకొకర్ని చూడండి. షెడ్డు మానిపించకండి. అందరూ షెడ్డు వల్లే చెడిపోయాడంటారు, నా కళ్ళకి మాత్రం వాడి రోజులో బాగున్నది అదొక్కటే కనిపిస్తోంది. సాయంత్రం రెండు గంటలు, వెల్డింగు జోలికి, కరెంటు జోలికి పోకుండా. ఆ మేస్త్రీతో మీరే ఒకసారి మాట్లాడండి. పొద్దున చదివి వస్తేనే సాయంత్రం పానా చేతికిస్తానని ఆయన అంటే, మీరు నేను వంద చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఫోను ఒక్కసారిగా లాక్కోవద్దు. రాత్రి పదకొండుకి అది హాల్లో చార్జింగ్‌లో ఉండాలన్నది ఒక్కటే నియమం పెట్టండి, మీ ఫోను కూడా పక్కనే పెట్టండి. లేచే టైము వారానికి అరగంట చొప్పున ముందుకి జరపండి. వాళ్ళ నాన్నగారు రోజూ వీడియో కాల్‌లో చదువు గురించే అడుగుతున్నారని రాశారు కదా. ఆయనకి నా మాటగా చెప్పండి, ఒక నెల ఆ ఊసే ఎత్తవద్దని. షెడ్డులో ఏం బండి వచ్చిందో అడగమనండి. దూరాన ఉన్న తండ్రి గొంతు వినగానే పిల్లాడు లోపలి గదిలోకి పోతున్నాడంటే, ఆ కాల్ వాడికి ఇంకో పరీక్ష అయిపోయిందన్నమాట. చుట్టాల ఫంక్షన్లకి ఈ ఏడాది రానంటే బలవంతం చేయకండి. మంది ఏదో అడుగుతారు, వాడు ఇంకో పది రోజులు మంచం దిగడు.

రెండు విషయాలు మాత్రం ఊరికే వదలొద్దు. ఒకటి, తెలుగు పేరా ఒకటి ఇచ్చి బయటికి చదివించండి. పాస్ మార్కులు వచ్చిన సబ్జెక్టే కదా అనుకోకండి. తడబడుతూ, అక్షరాలు తారుమారు చేస్తూ చదివితే అది బద్ధకం కాకపోవచ్చు, డిస్‌లెక్సియా లాంటిది ఉండొచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అలాంటి అభ్యసన లోపాల్ని కూడా చేర్చారు. నిర్ధారణ సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. రెండోది, షెడ్డుకి వెళ్ళడం కూడా మానేసినా, తిండి తగ్గించినా, 'నేనుండి ఏం లాభం' లాంటి మాట ఒక్కటి వినబడినా, చదువు సంగతి మొత్తం పక్కన పెట్టి సైకియాట్రిస్టుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకి ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. పదహారేళ్ళ పిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపులా కనబడదు, నిద్రలా, కోపంలా కనబడుతుంది.

ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతారు. పేపర్లు మూడే కాబట్టి కాగితం మీద ఒకటిన్నర ఏడాది చాలు. వాడి ఈడు పిల్లలు ఈలోపు ఇంటర్ సెకండియర్‌కి వస్తారు, ఆ మాట మీకు గుచ్చుకుంటుంది, వాడికి ఇంకా గుచ్చుకుంటుంది. మధ్యలో ఒక నెల పూర్తిగా పుస్తకం ముట్టడు, అది కూడా ఉంటుంది. మా సెంటర్లో నిలబడినవాళ్ళలో చాలామంది అలా ఒకసారి మాయమై మళ్ళీ వచ్చినవాళ్ళే. వచ్చినప్పుడు ఎందుకు రాలేదని అడగం, పోయినసారి ఎక్కడ ఆపామో అడుగుతాం.

వచ్చే ఆదివారం దగ్గర్లోని స్టడీ సెంటర్‌కి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. చాలా మండలాల్లో జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉంటుంది. ఆ రోజు అడ్మిషన్ వద్దు, కాసేపు వెనక బెంచీలో కూర్చోనివ్వండి. తనకంటే పెద్దవాళ్ళు, పెళ్ళైన అమ్మాయిలు, ఆటో నడిపేవాళ్ళు పుస్తకాలు పట్టుకుని కూర్చోవడం వాడు చూడాలి. నచ్చితే తర్వాతి వారం పది మెమో, టీసీ, ఆధార్, ఫోటోలు తీసుకెళ్ళండి. ఫారం వాడిచేతే నింపించండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం కూడా తేడా లేకుండా మెమోలో ఉన్నట్టే ఉండాలి, తర్వాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. చివరి తేదీ దాటితే అపరాధ రుసుం పడుతుంది కాబట్టి తేదీ మాత్రం ముందే కనుక్కోండి. మెమోలో మార్కులు ఎలా ఉన్నాయో ఇక్కడ రాస్తే, ఏ మూడు సబ్జెక్టులు పెట్టుకోవాలో కలిసి చూద్దాం.